ఎస్తేరక్క చేయించిన ఫోను

వేడిగా బయటికొచ్చే జిరాక్స్ కాగితం వాసన తగిలితే చాలు, నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉండే ఎస్తేరక్క దుకాణం గుర్తొస్తుంది. ఎమ్మెస్సీ, బీఎడ్ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా నేను అక్కడే పనిచేశాను. వచ్చినవాళ్లకు ఒకటే జబ్బు. కాపీలు పట్టుకుని, అసలు సర్టిఫికెట్ మెషీన్ మూత కిందే వదిలేసి బస్సెక్కేవాళ్లు. అక్క షట్టరు సగం దించి బస్సుల వెంట పరుగెత్తేది. ఒకసారి మనూర్ బస్సు కదిలిపోతే ఆటో ఎక్కి మరీ వెంటపడింది. రేపు వాళ్లే వస్తారు కదా అంటే నామీద గయ్యిమంది.

"పరాయోళ్ల ఒరిజినల్ మన తాన ఉంటే, వాళ్ల పానం మన తాన ఉన్నట్టే పిల్లా."

ఆ రోజుల్లోనే సంగారెడ్డి వైపు ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి పిలిచారు. వాళ్ల మర్యాద ఏం చెప్పమంటారు! పొద్దున్నే రమ్మని సాయంత్రందాకా బెంచీమీద కూర్చోబెట్టారు. లోపలున్న మేనేజరు ఫోనులో ప్లాటు బేరమాడుకుంటూ, మధ్యమధ్యలో నా పెళ్లెప్పుడో, పిల్లలు పుడితే మానేస్తానో అడిగాడు. కెమిస్ట్రీ ఊసే లేదు. డెమో క్లాసు చెప్పమని పంపిన గదిలో ఒక్క విద్యార్థీ లేడు. ఊడుస్తున్న ఆయమ్మకే పాఠం చెప్పి వచ్చాను. ఆ తర్వాత వారాల తరబడి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను చేస్తే ఫోనెత్తరు. ఇంట్లో నాన్న రోజూ ఫోనొచ్చిందా అని అడిగేవాడు. హైదరాబాద్ వెళ్లి కూలిపని చేసే ఓపిక ఆయనకు అయిపోయింది, ఆశంతా నా ఉద్యోగం మీదే.

ఇక రాదనుకున్నాక, ఒక మధ్యాహ్నం మేనేజరే ఫోన్ చేశాడు. రేపే చేరాలట. ఫిజిక్సూ చెప్పాలట, రాత్రిళ్లు హాస్టలూ చూసుకోవాలట. ఒరిజినల్స్ వాళ్లకు అప్పజెప్పాలి, రెండేళ్లదాకా తిరిగివ్వరు. సాయంత్రంలోగా చెప్పమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోనూ పోను, ఫోనూ ఎత్తను, ఎదురుచూసి చావనీ అన్నాను. అక్క మెషీన్ ఆపింది.

"పోకు. గానీ పోనని ఫోన్ జేసి జెప్పు."

"వాళ్లు నాకు జెప్పిండ్రా అక్కా? ఎన్ని దినాలు సతాయించిండ్రు!"

"ఎదురుచూసుడు ఎట్లుంటదో వాళ్లకు తెల్వది. నీకు తెల్సు గదా."

చేశాను. నారాయణఖేడోళ్లకు ఇంతకన్నా ఏం దొరుకుతుందని మేనేజరు నవ్వి, నా మాట పూర్తికాకముందే పెట్టేశాడు. కోపంతో ఏడ్చేశాను. అక్క ఓదార్చలేదు. చెప్పినవ్ గదా, ఇగ పని చూడు అంది. ఆమె మీద కూడా కోపమొచ్చింది. ఆ నెలలోనే నాన్న మళ్లీ హైదరాబాద్ పనికి పోయాడు. పోయేటప్పుడు నాతో మాట్లాడలేదు. ఆ నొప్పి ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేను పనిచేసే కాలేజీలో కొత్తవాళ్లను ఎంపిక చేసే బాధ్యత నాది. తీసుకోనివాళ్లకు ఆ రోజే నేనే ఫోన్ చేసి చెబుతాను. మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి అంటారు ఆఫీసువాళ్లు. తలనొప్పే, కాదనను. మొన్న ఒకబ్బాయి, పనికిరానని చెప్పడానికి కూడా ఫోన్ చేయాలా అంటూ అరిచాడు. ఎన్నిచోట్ల తిరిగాడో, ఎవరెవరు ఎలా అవమానించారో అంతా నామీదే కక్కాడు. అతను తిట్టడం అయిపోయేదాకా నేను ఫోన్ పెట్టేయలేదు.