శ్రమల దినాల్లో నేనిచ్చిన బిళ్ళలు

నాకు చెందని కృతజ్ఞత ఒకటి ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఏలూరులో బి.ఫార్మసీ చదివేదాన్ని. తాడేపల్లిగూడెంలో మాకు కిరాణా కొట్టు ఉండేది. అందులో నొప్పి బిళ్ళల షీట్లు షాంపూ ప్యాకెట్ల పక్కనే వేలాడేవి. ఇంటికెళ్లిన ప్రతిసారీ చేతికందినన్ని తెచ్చుకునేదాన్ని. హాస్టల్లో ఎవరికి తలనొప్పి వచ్చినా, నెలసరి నొప్పి వచ్చినా నా గది తలుపే తట్టేవారు. డాక్టరమ్మ అని ఏడిపించేవారు. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ పిలుపంటే నాకు చచ్చేంత ఇష్టం.

సలోమి నా రూమ్మేటు, క్లాసు కూడా ఒకటే. మండవల్లి పిల్ల. వాళ్లమ్మగారు అక్కడే బళ్లో టీచరు. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వచ్చాయంటే సలోమి సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. ఆ ఏడు మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేది. బిళ్ళ వేసుకుంటే ఉపవాసం చెడుతుందేమోనని సందేహపడింది. మందు తిండి కిందికి రాదని తీర్పు చెప్పింది నేనే. చర్చి మెట్లెక్కని నాకు ఆ పెద్దరికం ఎవరిచ్చారు? రోజూ ఒక బిళ్ళ, ఒక్కోసారి రెండు, నీళ్ల గ్లాసుతో సహా అందించాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే లోపల పుండు పడుతుందని మాకు తెలీదా? పరీక్షలో ఇద్దరం రాశాం. మార్కులూ వచ్చాయి. ఆ రాసింది మా కడుపుల గురించి కూడానని ఇద్దరికీ తట్టలేదు.

ఒక సాయంత్రం కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

“నొప్పి బిళ్ళలేమైనా వాడుతోందా అమ్మా?” అని డాక్టరు గారు నన్ను అడిగారు.

“లేదండీ,” అన్నాను.

ఎందుకలా అన్నాను? వార్డెన్ భయం కొంత. అంతకన్నా, డాక్టరమ్మ చేసిన పని అసలు డాక్టరు ముందు బయటపడుతుందన్న సిగ్గు. నా మాట నమ్మి ఆయన నొప్పికి సూది మందు రాశారు. అదీ ఆ బిళ్ళల జాతిదే. సీసా మీద పేరు చదివాను. చదివి, నర్సు సూది పొడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి సలోమి నెత్తురు కక్కుకుంది.

బతికింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది, ఆమెను నిలబెట్టిన డాక్టరు గారికి, నెత్తురిచ్చిన మా క్లాసు అబ్బాయిలకి, నా దేవుడికి, ఆమె దేవుడికి.

తెలివొచ్చాక డాక్టరు గారు మళ్లీ అడిగితే, బిళ్ళలు తనే షాపులో కొనుక్కున్నానని చెప్పింది సలోమి. నా వైపు చూడలేదు. అబద్ధమాడని పిల్ల నా కోసం ఆడింది, అదీ ఆ దినాల్లో. వాళ్లమ్మగారు బస్సు దిగి వచ్చి కూతుర్ని చెడతిట్టారు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నారు. “సమయానికి తీసుకొచ్చావమ్మా. ప్రార్థనలో నీ పేరు మర్చిపోనమ్మా,” అన్నారు.

మర్చిపోలేదు. ఏటా శ్రమల దినాల్లో ఫోన్ చేస్తారు. చేపల పచ్చడి పంపుతారు. సిగ్గులేకుండా తింటాను, రుచిగానే ఉంటుంది.

సలోమికి ఇప్పుడు కైకలూరులో సొంత మందుల షాపు ఉంది. “ఏమైనా తిన్నారా అండీ?” అని అడగనిదే ఎవరికీ నొప్పి బిళ్ళ ఇవ్వదు. నన్ను మాత్రం ఏ రోజూ ఏమీ అడగలేదు. ఆ మౌనానికి నేను ఎంత రుణపడ్డానో చెప్పుకోవాలన్నా ముందు తప్పు ఒప్పుకోవాలి. అక్కడే నోరు పెగలడం లేదు.

మిమ్మల్ని క్షమించమనడం లేదు, అది మీ చేతిలో లేదు. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే. డాక్టరు గారికి ఆనాడు చెప్పాల్సిన జవాబు మిగిలింది.

వాడుతోందండీ. రోజూ నేనే ఇస్తున్నాను.