మూలలు లేని డబ్బా

బుధవారం పొద్దున బోధన్ నుంచి పక్కింటి అక్క ఫోన్ చేసింది. "మీ పెద్దబాపు పోయిండమ్మా. కుర్సీల కూసున్నట్టే ఉన్నడు. సెయ్యి గా డబ్బ మీదనే ఉంది. పనిల ఉన్నడనుకొని నేను చాయ్ పెట్టి పోయిన." నిజామాబాద్ నుంచి బస్సులో పోతున్నంతసేపూ ఎవరూ తాగని ఆ చాయే నా కళ్ల ముందు ఉంది.

పెద్దబాపు మా నాన్నకు అన్న. చక్కెర ఫ్యాక్టరీలో వడ్రంగిగా చేసి రిటైరయ్యాక, ఇంట్లోనే స్పీకరు డబ్బాలు చేస్తూ కూర్చున్నాడు. పల్చటి ప్లైవుడ్ పలకలకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కమాను లాంటి అచ్చు మీద వంచి, పాత సైకిల్ ట్యూబులతో బిగించి కట్టేవాడు. పైన ఇసుక నింపిన పసుపు సంచులు పెట్టేవాడు. ఇక మూడు రోజులు ఎవరూ ముట్టకూడదు.

"చెక్కకు యాది ఎక్కువ బిడ్డా. తొందరపడి ఇప్పినవనుకో, పాత తీరుకే పోతది" అనేవాడు.

నేను వింటేగా! ఒకసారి రెండో రోజే విప్పాను. నా కళ్లెదుటే ఆ చెక్క మెల్లగా, నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నట్టు తెరుచుకుంది. నిజంగా భయమేసింది. పెద్దబాపు తిట్టలేదు గానీ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

డబ్బా తయారయ్యాక వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. టక్ టక్, కాసేపు ఆగి, ఇంకో టక్. ఎప్పుడైనా అంతే. పెద్దమ్మ బతికున్నప్పుడు దానికి విసుక్కునేది. "ఈయన కొడుతుంటె ఎవలో తలుపు కొట్టినట్టే ఉంటది. ఎన్నిసార్లు లేచిపోయి సూసిన్నో!" అని మాకు చెప్పి నవ్వేది.

ఆమె పోయి తొమ్మిదేళ్లు. బియ్యం ఏరుతూ యేసు పాట పాడుకుంటుంటే, ఆమెకు తెలియకుండా పెద్దబాపు కిటికీలో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. ఆమె పోయాక పెద్దబాపు దాన్ని ఒక్కసారి కూడా పెట్టలేదు. ఫోన్లోకి ఎక్కించుకోరాదా అని అడిగాను.

"ఎక్కియ్యాలన్నా ఓపారి తిప్పాలె గద. రీలు పాతది, తెగుతదో ఏమో. గా ఒక్కపారి మంచి డబ్బల ఇనాలె. నాలుగు మూలల డబ్బల గొంతు ఎటూ పోలేక ఆడాడనే తిరుగుతది. మూలలు లేకుంటె బయటికొస్తది."

తొమ్మిదేళ్లలో ఎన్ని జతలు చేశాడో, అన్నిటికీ వంక పెట్టి పక్కన పడేశాడు. చివరికి ఒక డబ్బా నచ్చింది. దాని జోడు కోసం పలకలు వంచి కట్టిన పొద్దునే పోయాడు. నేను చేరేసరికి జిగురు ఇంకా తడిగానే ఉంది.

మట్టి చేయడానికి వచ్చినవాళ్లలో ఒకాయన జాగా చేద్దామని ట్యూబులు కోయబోయాడు. "ముట్టకుండ్రి! మూడొద్దులు కాలే!" అని అరిచాను. దుఃఖంతో మతి పోయిందనుకున్నారు. అనుకోనీ. అచ్చుతో సహా మూలకు జరిపించాను.

ఆ మూడు రోజులూ పట్టపగలు కూడా ఆ మూల నుంచి టిక్కుమని చప్పుడు వస్తూనే ఉంది. ఆరే చెక్క చేసే చప్పుడే, నాకు తెలుసు. అయినా ప్రతిసారీ "ఆఁ, పెద్దబాపూ" అన్నాను.

శనివారం ట్యూబులు విప్పాను. చెక్క కదల్లేదు. వంచినది వంచినట్టే నిలబడింది. అప్పుడు ఏడ్చాను, సమాధి దగ్గర రాని ఏడుపంతా. స్పీకరు బిగించిన ముందు పలక ఆయన ఎప్పుడో సిద్ధం చేసి పెట్టాడు. నేను స్క్రూలు తిప్పానంతే.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆదరణ కూడిక. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, రెండు డబ్బాలూ టేప్ రికార్డర్‌కు కలిపి క్యాసెట్ పెట్టాను. ముందు చాటలో బియ్యం కదిలిన చప్పుడు. తర్వాత పెద్దమ్మ గొంతు. డబ్బాల్లోంచి కాదు, వంటింటి గడప దగ్గర నుంచి వచ్చినట్టుంది.

రెండో చరణం మధ్యలో వెనక ఎక్కడో వినబడింది. టక్ టక్. కాసేపు ఆగి, ఇంకో టక్. పాట పట్టిన ఆ రోజు వెనక గదిలో పెద్దబాపు ఏ చెక్కనో కొట్టి చూసుకుంటున్నట్టున్నాడు. ఆ సంగతి ఆయనకూ గుర్తుండి ఉండదు.

పాట ఆగింది. చాట కింద పెట్టిన చప్పుడు.

"ఎవలు? తలుపు తీసే ఉంది, లోపలికి రా."

రీలు తెగింది. ఫోన్లో పట్టుకోవాలన్న ధ్యాసే నాకు లేకపోయింది.

గుమ్మం దగ్గర చాప మీద మా అమ్మ కూర్చుని ఉంది. కొంగు దగ్గరికి తీసుకుని పక్కకు జరిగింది, ఒక మనిషి లోపలికి వచ్చేంత.