పచ్చడి పూసిన వైర్లు

ఈ ఉదయం నా స్కూటరు స్టార్ట్ కాలేదు. గుంటూరులో మా వీధి చివరి మెకానిక్ సీటు ఎత్తి చూసి, "ఎలకలండి మేడమ్, వైరు కొరికేశాయి. ఘాటుగా ఏదన్నా పూస్తే మళ్లీ రావంటారు" అన్నాడు. "ఏదన్నా పూయండి గానీ పచ్చడి మాత్రం వద్దండీ" అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, మా మేనమామ గుర్తొచ్చాడు.

మామయ్యది వినుకొండ దగ్గర పల్లె. సొంత పొలం ఎప్పుడో పోయింది. ఊరికి చాలా దూరంగా ఒక మిరప చేను కౌలుకు చేసేవాడు. బస్సు వెళ్లని దారి, అరిగిపోయిన మోకాళ్లు. అంచేత ఆయన సేద్యమంతా ఒక పాత మోటారు సైకిలు మీదే నడిచేది. అది ఆగితే చేను వదులుకోవాల్సిందే, ఇంకోటి కొనే స్తోమత లేదు. అలాంటి బండిని వసారాలో, చేను అంచున వేసి ఏరిన పత్తి పోసిన మూలనే పెట్టేవాడు. ఎలుకలు పత్తిలో కాపురం పెట్టి, పక్కనున్న వైర్లను పలహారం చేసేవి. ఒకసారి వైరింగ్ మొత్తం కొత్తది వేయించాక మామయ్యకు మహా గొప్ప ఆలోచన తట్టింది. ఎండుకారం చల్లితే గాలికి ఎగిరిపోతోందని, అత్తయ్య జాడీలోంచి పండుమిరప పచ్చడి తీసి, వైర్లు కలిసే ప్రతిచోటా శ్రద్ధగా పట్టించి, పైన టేపు చుట్టాడు. "మన కాయ ఘాటుకి మనుషులే ఆగలేరు, ఎలకలెంత అమ్మాయ్!" అన్నాడు. నిజంగానే ఎలుకలు ఆ ఛాయలకు రాలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు కూడా. అత్తయ్య మాత్రం జాడీకి మూత బిగిస్తూ, "ఇక ఈయనగారి బండికి ముద్దలు కలిపి పెట్టాలేమో" అని సణిగింది.

వానలు మొదలయ్యాక బండికి పిచ్చి పట్టింది. బ్రేకు తొక్కితే హారను మోగేది. హారను నొక్కితే ఇంజను ఆగేది. మామయ్య ఫ్యూజు మార్చాడు, ప్లగ్గు గీకాడు, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించాడు. ఒక పూట బాగుంటే ఇంకో పూట దారిలో నిలబడిపోయేది. చివరికి మెకానిక్ టేపు ఊడదీస్తే, లోపల రాగికి చిలుము పట్టి, ముట్టుకుంటే పొడై రాలింది. "ఉప్పు తినేసింది పెద్దాయనా. ఈ మోడలు వైరింగ్ ఇక రాదు, పోయినసారి వేసిందే ఆఖరిది. అతుకులేస్తా గానీ, ఎన్నిచోట్లని వేయను?" అన్నాడు. వేశాడు, నిలవలేదు. చేనుకు మందు కొట్టాల్సిన రోజుల్లో మామయ్య సగం దారిలో బండి ముందు చతికిలబడి ఉండేవాడు. తెగులు చేనంతా పాకింది. మరుసటి ఏడు ఆసామి ఆ చేను వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

ఇప్పటికీ మామయ్య పొద్దున్నే వసారాలోకి వెళ్లి తాళం తిప్పి చూస్తాడు. ఒక్కోసారి న్యూట్రల్ లైటు మినుకుమంటుంది. నేను ఊరెళ్లినప్పుడు అది చూపించి, "చూశావా, ప్రాణం ఉందే!" అంటాడు. నేను అవునంటాను. అలా అన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. వైర్లను తినేసిన ఆ ఉప్పే జాడీలో పచ్చడిని మాత్రం చెడకుండా కాపాడింది. చేను పోయాక కూడా మేము ఆ చేలో కాయనే అన్నంలో కలుపుకు తిన్నాం. మామయ్య పండించింది తినే కాలం అయిపోయిందని, అత్తయ్య జాడీ అడుగు గీకిన రోజున గానీ మాకెవరికీ తెలియలేదు.