శ్లోకం తూర్పున, నల్లబల్ల పడమట

1958లో బాగేపల్లి తాలూకాలోని ఒక పల్లెలో నేను ఏకోపాధ్యాయుణ్ణి. ఒకటే గది, నాలుగు తరగతులు. నల్లబల్ల అంటే తూర్పు గోడ మీద నల్లరంగు పూసిన భాగమే.

ఆ వేసవి మొదట్లో బడికి సున్నం కొట్టించిన ఊరి పటేలు, నన్నొక్క మాటైనా అడక్కుండా బోర్డుకు పైన గీతాశ్లోకం రాయించాడు. సర్కారు బడిలో అది తగదన్నాను.

"నువ్వు బదిలీ అయి పోతావు, గోడ మాది" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

రెండు వారాల్లో ఆడవాళ్లు ఆ గోడకు పసుపు, కుంకుమ పెట్టి హారతి ఇవ్వసాగారు. ఇక అది పూజగోడ. పటేలు మళ్లీ వచ్చి, ముందు వరసలోని మునెమ్మను చూపించాడు.

"ఆ మాదిగపిల్ల దేవుని కింద ఏంటికి కూచోనుండాది? గోడకు దూరంగా పంపించు."

మునెమ్మకు చూపు తక్కువ. నాలుగో తరగతి పరీక్ష దగ్గర పడింది. పటేలు మాటకు తలొగ్గి నేను ఆమెను వెనక్కి పంపిన రోజే తండ్రి వచ్చాడు.

"దానికి ఆడినుంచి ఏమీ కనపడదంట ఐవారూ. బడి మానిపిస్తా. గొడవలు మాకొద్దు."

"సోమవారం దాకా ఆగప్పా" అన్నాను.

ఆదివారం బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి నూరి పడమటి గోడకు పట్టించాను. సోమవారం పిల్లలందరినీ అటు తిప్పి కూర్చోబెట్టాను. వెనక వరస ముందైంది.

పటేలు పరుగున వచ్చాడు. "ఏమయ్యా, మా మనవడు వెనకబడినాడే!"

"వాడు శ్లోకానికి దగ్గరగా ఉండాడు గదప్పా. ముందుకు పిలవనా? మునెమ్మ పక్కన చోటుండాది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పటేలు ఫిర్యాదు రాశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి లాగ్‌బుక్కులో, అంటే తనిఖీకి వచ్చినవారు బడి గురించి రాసే పుస్తకంలో, "బోర్డు వెలుతురు లేని గోడపై ఉన్నది. ఉపాధ్యాయునికి వివేకము చాలదు" అని రాసిపోయాడు. శ్లోకం గురించి, మునెమ్మ గురించి ఒక్క ముక్క లేదు. ఆ వాక్యం కొట్టివేయమని మూడు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. నకళ్లు నా దగ్గరున్నాయి.

మునెమ్మ పరీక్ష ప్యాసైంది. చింతామణి పట్నంలో పై చదువుకు చేర్చుతూ తండ్రి నాతో దరఖాస్తు మీద సంతకం పెట్టించుకున్నాడు.

బడిగోడ మీద ఎంత మంచిమాట రాసినా, దాని దగ్గర ఎవరు కూర్చోవాలో ఊరు తేల్చేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత ఏ బడికి బదిలీ అయినా, మొదటిరోజు గోడలు చూసేవాణ్ణి కాదు. చివరి వరసలో ఎవరున్నారో చూసేవాణ్ణి.