సకుటుంబంగా రమ్మన్నందుకు

మా అంగడికి క్రిస్మసే పెద్ద పండగ. మేం చేసుకునేది ఉగాదీ, వినాయక చవితీ. మాకు అన్నం పెట్టేది మాత్రం డిసెంబరు నెల. ఆత్మకూరు బజారులో చీరలు, పిల్లల గుడ్డలు అమ్మే చిన్న అంగడి మాది, మా మామ పెట్టింది. ఉదయగిరి రోడ్డు పల్లెల్లో చర్చికి పోయే కుటుంబాలు శానా ఉండాయి. నవంబరు నెలాఖరు నుంచి వాళ్ళు గుడ్డలకు దిగుతారు. ఇంటిల్లిపాదీ కొత్తవి కట్టాల్సిందే. మామ ఉన్నన్నాళ్ళు ఆ నెలంతా అంగట్లో కూర్చోను చోటుండేది కాదంట. ఆయన పోయిన నాలుగేళ్ళకు కూర్చోనేంది, కాళ్ళు చాపుకొని పడుకోను గూడా చోటు ఉండింది.

మా ఆయనది ఎరువుల వ్యాపారం. గుడ్డలంటే ఆయనకు పట్టదు, తన చొక్కా కూడా నేనే తీయాల. ఒకరోజు అన్నం తింటా తింటా, సెల్‌ఫోన్లు అమ్మే ఒకతను మన షట్టరు బాడుగకు అడుగుతున్నాడు, జనవరి నుంచి ఇచ్చేద్దాం అన్నాడు. పొద్దున పదింటికి షట్టరు ఎత్తి, అగరొత్తి ముట్టించి, గల్లా ముందర కూర్చుంటే నేనూ ఒక మనిషిని. ఇంట్లో ఉంటే ఫలానా ఆయన భార్యని, ఫలానా పిల్లల అమ్మని, అంతే. ఆ మాట ఆయనకు చెప్పినాను కూడా. ఏడ్చి కాదు, కొంచెం గట్టిగానే చెప్పినాను. ఆయన చెయ్యి కడుక్కొని వచ్చి, సరే, ఈ క్రిస్మస్ చూద్దాం, మనుషులు వస్తే సరి, రాకపోతే నన్నేమీ అనొద్దు అన్నాడు. ఆ సెల్‌ఫోన్ల అతనికి గూడా పండగ ముందర రమ్మని, అప్పుడు కొలతలు తీసుకోమని చెప్పేసినాడు.

ఇంక నాకు నిద్ర యాడ పడతాది? యూట్యూబ్ ముందర కూర్చున్నాను. హైదరాబాదులో యాడో కూర్చొని ఒక పిల్లోడు కోటేసుకొని, చిన్న వ్యాపారస్తులకు పండగ సీజనులో పది ఐడియాలు అని చెప్తా ఉంటాడు. కస్టమర్లకు ఈమెయిల్ పంపండి అంటాడు. మా కస్టమర్లకు ఈమెయిలా? సీతారామపురం పక్కన పల్లెల్లో ఫోను మోగాలంటే మిద్దెక్కాల. ముందుగా వచ్చినోళ్ళకు ఆఫరు పెట్టండి అంటాడు. పెట్టినాను. ముందుగా ఎవరూ రాలేదు, వెనకా రాలేదు. వాట్సాప్ స్టేటస్ పెడితే మా పుట్టింటోళ్ళు చూసి బొమ్మలు పెట్టినారు. క్రిస్మస్ తాత వేషం కట్టి అంగడి ముందర నిలబడమని మా ఆయన్ని అడిగినాను. పొట్టకు దిండు గూడా అక్కర్లేదు, మీకు సరిగ్గా సరిపోతాది అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ పది ఐడియాల్లో ఏడోదో ఎనిమిదోదో, మీ కస్టమర్‌కి పర్సనల్ ఇన్విటేషన్ ఇవ్వండి అని. అదీ నాకు తగిలింది. పిలవడం మాకొకరు నేర్పించాల్నా? వీధిలో ఎదురుపడినప్పుడు మా ఇంట్లో పెళ్ళి, రండి అంటే అది పిలిచినట్టు కాదు. గడపకు పోవాల, కూర్చోవాల, కార్డు చేతిలో పెట్టాల. అట్లా పిలిస్తే రాకుండా ఉండేదానికి మనిషికి మొహం చెల్లదు. అంగడికి గూడా అట్లానే పిలిస్తే పోలా అనుకున్నాను.

ప్రెస్సులో అతనికి, క్రిస్మస్ సీజను, కార్డు పద్ధతిగా ఉండాల, ఫలానా శనివారం పదకొండు గంటలకు మా అంగడి దగ్గర అని చెప్పినాను. పైన నక్షత్రం, రెండు గంటల బొమ్మలు పెట్టి, కింద ఎప్పుడూ కొట్టే మాటలే కొట్టినాడు. తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా ఆతిథ్యము స్వీకరించ ప్రార్థన అని. నేను చదివినాను. కళ్ళతో చదివినాను, బుర్రతో చదవలేదు. ఎంత మర్యాదగా ఉండాదో అని మురిసిపోయినాను గూడా.

మా అత్తకు చూపిస్తే, అంగడికి పిలుపేంది, నీ తలకాయ అనింది. తెల్లారి చూస్తే తలదువ్వుకొని, పట్టుచీర కట్టుకొని, ఆటో దగ్గర నిలబడి ఉండాది. ఒక్కదానివే పోతే అది పిలుపు కాదు, ఇద్దరు ఆడవాళ్ళు పోవాల అనింది. మా అత్త అంతే. ముందు తిట్టి, వెనకాల మనకంటే ముందుంటాది.

మొదటి ఊరు ఉదయగిరికి ఇవతల, కోట కొండ కనపడతా ఉంటాది. మామ కాలం నుంచి మా దగ్గర కొనే ఒక పెద్దామె ఉండేది ఆడ. చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళందరికీ ఆమె మాటే మాట. అరుగు మీద కూర్చొని కందులు చెరుగుతా ఉండాది. మా అత్త నడుముకు చెక్కుకున్న కుంకుమ భరిణె తీసి, అలవాటుగా వేలు ముంచి, ఆమె నుదుటి దాకా పోయింది. ఆమె తల కొంచెం వెనక్కి పెట్టింది. నాకైతే తల కొట్టేసినట్టయింది. ఈ పల్లెల్లో వాళ్ళు బొట్టు పెట్టుకోరని మాకు తెలవదా? నలభై ఏళ్ళుగా గుడ్డలు అమ్ముతా ఉండాం వాళ్ళకు. పిలుపనేసరికి చెయ్యి దానంతట అదే పోయింది.

ఆమె కోప్పడలేదు. మా అత్త చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకొని, "నోటితో పిలువమ్మా, చాలు. ఇంత దూరం వచ్చినారు, రాకుండా ఉంటామా?" అనింది.

అట్లా నాలుగు రోజులు తిరిగినాం. ఉదయగిరిలో చెక్క గంటెలు చెక్కే ఇండ్లలో, సీతారామపురం దారిలో బస్సు పొద్దునొకటి సాయంత్రమొకటి వచ్చే ఊర్లలో, అన్ని చోట్లా కూర్చున్నాం, మంచినీళ్ళు తాగినాం, కార్డు చేతిలో పెట్టినాం. అందరూ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, తప్పకుండా వస్తాం అన్నారు. మా అత్త అందరికీ, పిల్లల్ని గూడా తీసుకొని రండి అని చెప్పింది. నేనూ అన్నాను. పిల్లలొస్తే పిల్లల గుడ్డలు పోతాయి గదా అని నా లెక్క.

శనివారం పదకొండుకు ఎవరూ లేరు. పదకొండున్నరకు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ఏడు మంది దిగినారు. పెద్దాయన ఇస్త్రీ పంచె, ఆడవాళ్ళకు తలలో పూలు, పాపకు బుట్ట గౌను. చేతిలో రంగు కాగితం చుట్టిన గోడ గడియారం. వస్తానే అది నా చేతిలో పెట్టినారు. ఎందుకిచ్చినారో నాకర్థం కాలేదు, అంగడికి శుభం అని ఇచ్చినారేమో అనుకున్నాను. తర్వాత ఇంకో ఆటో, తర్వాత బస్సు దిగినోళ్ళు, తర్వాత ట్రాక్టరు. ఒకరు చెక్క గంటెల సెట్టు తెచ్చినారు, ఒకరు స్టీలు బేసిను, ఒకామె కొత్త కందిపప్పు సంచిలో కట్టి తెచ్చింది. ఒకాయన కాళ్ళు కట్టిన కోడిని గూడా తెచ్చినాడు. మా ఇంట్లో గుడ్డు గూడా ముట్టం. ఆ కోడిని మా అత్త రెండు చేతుల్తో, పసిబిడ్డను తీసుకున్నట్టు తీసుకునింది.

పన్నెండున్నరకు అంగడి నిండిపోయింది. మెట్లు నిండినాయి. పక్కన మందుల షాపు ముందర గూడా మా వాళ్ళే. నా సంతోషం అంతా ఇంతా కాదు. చీరలు దించినాను, పరిచినాను. అందరూ ముట్టుకొని చూస్తా ఉండారు, బాగుండాది, అంచు బాగుండాది అంటా ఉండారు, మళ్ళీ జాగ్రత్తగా మడతపెట్టి నాకిస్తా ఉండారు. ఒక్కరు గూడా రేటు అడగలేదు. పెళ్ళిలో పెళ్ళికూతురి చీరలు చూపిస్తే చూస్తారు గదా, ఆ చూపు అది. మా ఆయన గల్లా దగ్గర నిలబడి, ఏంది కథ అన్నట్టు నా వైపు చూస్తా ఉండాడు.

అప్పుడు ఆ పెద్దామె నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది. "భోజనాలు యాడ పెట్టినారమ్మా? పిల్లకాయలు పొద్దున్నుంచి ఏం తినలేదు."

కార్డులో ఆతిథ్యము అనే మాట అప్పుడు చదివినాను బుర్రతో. పొద్దున పొయ్యి ముట్టించకుండా, పిల్లల్ని ముస్తాబు చేసుకొని, చదివింపులు పట్టుకొని, అంత దూరం నుంచి మా ఇంటి ఫంక్షనుకు వచ్చినారు వాళ్ళు. నేనేమో పిల్లల గుడ్డలు పోతాయని లెక్కలేసుకుంటా కూర్చున్నాను. పోయి మా అత్త చెవిలో చెప్పినాను.

మా అత్తకు రెండు నిమిషాలు గూడా పట్టలేదు అర్థం చేసుకోను. కోడిని బల్ల కాలికి కట్టేసి, ఇంకో అరగంటమ్మా, మీరు చీరలు చూస్తా ఉండండి అని చెప్పి, అంగడి మీదనే ఉండే మా ఇంటికి మెట్లెక్కి పోయింది. ఆ వయసులో అట్లా ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. ఉన్న బియ్యమంతా పొయ్యి మీదకెక్కింది. మా ఆయన నన్ను ఒక్క చూపు చూసినాడు. నీ ఐడియాకు దణ్ణం తల్లీ అన్నాడు. అంటానే చెప్పులేసుకొని మెస్సుకు పరిగెత్తినాడు. రెండు బకెట్లు సాంబారు, ఒక బేసిను బూందీ, పేపరు ప్లేట్లు పట్టించుకొని వచ్చినాడు. పులిహోర, సాంబారన్నం, పెరుగన్నం. మిద్దె మీద టార్పాలిన్ పట్టాలు పరిచి కూర్చోబెట్టినాం.

అందరూ కూర్చున్నాక పెద్దామె లేచి నిలబడి కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది. వాళ్ళు అన్నం ముందర చేసేదే. ఈ ఇంటి వాళ్ళ కష్టాన్ని దీవించమని, వీళ్ళ గుమ్మంలో ఎప్పుడూ మనుషులు తక్కువ కాకుండా చూడమని అడిగింది. ఆమెకు మా సంగతి ఏం తెలుసు? ఎవరికీ చెప్పలేదు మేం. మా అత్త గంటె పట్టుకొని అట్లానే నిలబడిపోయింది. మా ఆయన సాంబారు బకెట్టు కింద పెట్టి తల వంచుకున్నాడు. నేను ఆయన మొహం చూడలేక ఇంకో పక్కకు తిరిగినాను.

తిన్నారు, సంతోషంగా తిన్నారు. మా అత్తను కూర్చోబెట్టి ఆడవాళ్ళే వడ్డించుకున్నారు ఆఖర్న. పోతా పోతా ఒకరిద్దరు చేతి రుమాళ్ళు కొన్నారు. అంతే. వాళ్ళను అనేదేముంది? ఫంక్షనుకు వచ్చే మనిషి గుడ్డలు కొనేదానికి డబ్బు తెచ్చుకుంటాడా? ట్రాక్టరు పోయినాక అంగట్లో నేనూ, కోడీ మిగిలినాం. మా ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చూసినావు గదా, ఇంక చాలు అన్నాడు మెల్లగా. నేను స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పి బాగా ఏడ్చినాను.

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం పదిన్నరకు ఆ పెద్దామె ఎనిమిది మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకొని వచ్చింది. చర్చిలో పాడేవాళ్ళందరికీ ఒకటే రకం తెల్ల చీరలు కావాల, నీలం అంచు అనింది. అన్ని లేవు, నెల్లూరు నుంచి తెప్పించాల, రెండు రోజులు పడతాది, బస్టాండు దగ్గర పెద్ద షోరూములో ఇప్పుడే దొరకొచ్చు అని నేనే చెప్పినాను. ఎందుకు చెప్పినానో తెలవదు. మనసు అప్పటికే విరిగిపోయి ఉండాది.

ఆమె నన్ను చూసిన చూపు మా అత్త చూపు మాదిరే ఉండింది. "మిద్దె మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినావు. నీ గుమ్మం దాటి ఇంకో అంగడి మెట్లెక్కేదానికి మాకు సిగ్గుండదా?" అనింది.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు వస్తానే ఉన్నారు. గడియారం తెచ్చినాయన వచ్చినాడు, బేసిను తెచ్చినామె చెల్లెల్ని తీసుకొని వచ్చింది. కొన్నాక పోతా పోతా ప్రతి ఒక్కరూ పండగ రోజు మధ్యాహ్నం మా ఇంటికి రావాల అని పిలిచిపోయినారు. అదీ నాకు కాదు, గల్లా పక్కనుండే మా ఆయన దగ్గరికి పోయి, ఆయన చెయ్యి పట్టుకొని పిలిచినారు. మీకు వేరే పొయ్యి మీద కూరగాయలే వండిస్తాం, దిగులు పెట్టుకోవద్దు అని గూడా చెప్పినారు. ఎరువుల కొట్టుకు పోయే మనిషి, ఒక పూట ఈడ ఉంటానన్నాడు, తర్వాత రెండు పూటలూ ఈడనే ఉన్నాడు.

పండగకు రెండు రోజుల ముందు సెల్‌ఫోన్ల అతను వచ్చినాడు, చేతిలో కొలిచే టేపు. అంగట్లో కాలు పెట్టను సందులేదు. మా ఆయన నిచ్చెన మీద నిలబడి పై అరలోంచి చీరల కట్టలు కిందికి అందిస్తా ఉండాడు. అన్నా, కొలతలు తీసుకోమంటారా అని అతను కింద నుంచి అడిగినాడు.

మా ఆయన తిరిగి చూడలేదు. ఇంకో కట్ట లాగి నాకు అందించి అన్నాడు. "ఇచ్చేది లేదబ్బా. పండక్కి నాలుగిండ్లకు పోవాల మేము. అంగడి మూసేసి ఏ మొహం పెట్టుకొని పోతాం వాళ్ళ ఇండ్లకు?"

అతను ఏమో గొణుక్కుంటా టేపు జేబులో పెట్టుకొని పోయినాడు. నా చేతిలో కట్ట అట్లానే ఉండాది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతా ఉండాయి, తుడుచుకోను చెయ్యి ఖాళీ లేదు. నా ఎదురుగా ఒకామె అప్పుడే ఒక చీర రేటు అడిగి ఉండింది. నేను చెప్పినాను గూడా. ఆమె చీర వైపు చూసింది, నా మొహం వైపు చూసింది.

"ఏందమ్మా ఇది, ఆ రేటు విని ఏడవాల్సింది నేను గదా!" అనింది.