ముందు తన జబ్బు చెప్పే ఆంటీ

పోయిన మంగళవారం పొద్దున ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "భయ్యా, మమ్మీ నహీ రహీ," అంది. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ రోజు తెలిసినవాళ్లు నలుగురైదుగురు గొంతు తగ్గించి "మళ్లీ ఆ జబ్బేనా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. పిచ్చి ఉన్నవాళ్లకీ గుండె ఉంటుందండీ, అదీ ఆగుతుంది.

ఆంటీది గుంటూరు వైపు. కాపురం నోయిడాలో. ముప్ఫై ఏళ్లుగా ఆవిడకి లేని గొంతులు వినపడేవి. మందులు వేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, ప్రతి గురువారం ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం వరండాకి వచ్చేది. కొత్తగా వచ్చి బిక్కచచ్చి కూర్చున్నవాళ్ల పక్కన చేరడం ఆవిడ పని. దారిలో ఆ గొంతులు మరీ వేధిస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాటికి జవాబు చెప్పేది. "మెట్రోలో అందరూ గాల్లోకే మాట్లాడుతున్నారు. నన్నెవరు పట్టించుకుంటారు?" అని నవ్వేది.

నేను ఢిల్లీ లక్ష్మీనగర్‌లో సివిల్స్‌కి చదువుతూ, మెయిన్స్ ముందు మంచం దిగడం మానేశాను. స్నేహితుడు ఆ వరండాకి లాక్కొచ్చాడు. ఆంటీ జరిగి చోటిచ్చింది. "నాకు గొంతులు వినపడతాయి అబ్బాయ్. ఇప్పుడు కూడా ఒకాయన తిడుతున్నాడు. నీ సంగతేంటి?" అంది. ఎన్నో నెలల తర్వాత నవ్వాను. తర్వాత ఏడ్చాను కూడా.

రెండేళ్లకి కాస్త కుదుటపడ్డాక నన్నూ ఆ పనిలోకి దింపింది. మొదటి రోజే తప్పు చేశాను. ఢిల్లీలోనే బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఉంటున్న ఒక వరంగల్ అమ్మాయి వచ్చింది. ఫోన్ నంబరు రాసుకుని, నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, చావాలనిపిస్తోందా అని వరసగా అడిగాను. డాక్టర్ని చూడకుండానే లేచి వెళ్లిపోయింది.

ఆంటీ నా పెన్ను లాక్కుంది. "నువ్వు డాక్టరువా? లోపల బోలెడంతమంది ఉన్నారు. ముందు నీ జబ్బు చెప్పుకో. వాళ్లది వాళ్లే చెప్తారు."

ఆవిడ చెప్పినట్టే రోజూ ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టేవాణ్ణి. ఏమీ అడగకుండా, నా గురించే. ఇవాళ స్నానం చేశాను. ఇవాళ మందు వేసుకోబుద్ధి కాలేదు, అయినా వేసుకున్నాను. నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. రెండు నెలలు గడిచాయి. "ఆ పిల్లకేమన్నా అయితే?" అని ఆంటీ దగ్గర వాపోయాను. "నాకూ భయంగానే ఉంది. భయపడుతూనే పంపు," అంది.

ఆంటీ దహనం అయిన మర్నాడు మెసేజ్ పెట్టాను: "ఆంటీ పోయారు. రేపు వరండాలో ఒక్కణ్ణే కూర్చోవాలి. నావల్ల అవుతుందో లేదో తెలియడం లేదు."

గురువారం వెళ్లేసరికి ఆ అమ్మాయి చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఒక్కనివే ఉంటవని వచ్చిన అన్నా," అంది.

ఇద్దరం ఏడ్చాం. ఆ వరండాలో ఏడ్చేవాళ్లని ఎవరూ వింతగా చూడరు. కాసేపటికి, నిద్రపోయి ఎన్ని రోజులైందో తనే చెప్పడం మొదలుపెట్టింది. ఇంతలో నంబరు పిలిచారు. చున్నీతో మొహం తుడుచుకుని డాక్టరు గది తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఎటూ పోకు అన్నా. నేనొచ్చేదాక ఈడనే ఉండు."

ఉంటానన్నాను.