ఎడమచేతి తెడ్డు

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి మా ఆయన స్నేహితుడి భార్య మా ఇంటికి వచ్చింది. ఒకచోట ఊరికే కూర్చోలేని మనిషి. నేను కాఫీ కలుపుతుంటే పొయ్యి మీది ఉప్మా తాను చూస్తానని, గోడకి తగిలించి ఉన్న చెక్క తెడ్డు అందుకుంది. రెండుసార్లు తిప్పి, ఆగి, దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "అయ్యో, వంకరగా చెక్కేశాడండీ మీకు! ఇంకోటి కొనుక్కోకపోయారా?" అంది. ఇంటికొచ్చిన మనిషి మీద కోప్పడకూడదు కాబట్టి ఊరుకున్నాను గానీ, లోపల మాత్రం నాకు భగ్గుమంది. "అది వంకర కాదండీ, ఎడమచేతి వాళ్ళకి చేసింది" అని ఆమె చేతిలోంచి తీసుకుని, కడిగి, మళ్ళీ మేకుకే తగిలించాను. ఎవరిదని ఆమె అడగలేదు. అది మా చిన్నమ్మది. ఆమె పోయాక ఆమె కోడలు తెచ్చి నా చేతిలో పెట్టింది. దానితో వంట చెయ్యడం నాకు చేతకాదు, నాది కుడిచెయ్యి. అయినా దాన్ని వంకర అంటే మాత్రం ఒప్పుకోను.

నాకో జబ్బు ఉంది, ముందే చెప్పేస్తాను. ఏ ఊరు వెళ్ళినా అందరూ గుడీ గోపురం చూస్తే నేను కొట్లు చూస్తాను. అద్దాల తలుపుల షాపులు కాదు. మోకులూ జల్లెళ్ళూ అమ్మే కొట్టు, ఎద్దుల మెడగంటలు అమ్మే కొట్టు, నలభై రకాల వత్తులు పెట్టుకుని మధ్యాహ్నం పూట కునుకు తీసే ముసలాయన కొట్టు, ఇలాంటివి. "దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేలోపు చెప్పులు పెట్టిన చోటే బేరం మొదలుపెడుతుంది" అని మా ఆయన నన్ను నలుగురిలో ఆడిపోసుకుంటాడు. పోసుకోనీ. ఇప్పుడు ఏ యాత్రాస్థలానికి పోయినా అదే తాళంచెవుల గొలుసు, ఫ్రిజ్‌కి అంటించే అదే బొమ్మ. మీద ఊరి పేరు ఒక్కటే మారుతుంది. అన్నీ ఎక్కడో ఒకే ఫ్యాక్టరీలో తయారై లారీ ఎక్కి వచ్చినవే. అవి కొనుక్కొచ్చి జ్ఞాపకమని బీరువాలో పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఆ ఊళ్ళో ఆ మనుషులు చేస్తే తప్ప దొరకని వస్తువు ఒక్కటైనా లేకుండా ఆ ఊరికి పోయొచ్చామని ఎలా చెప్పుకోవడం? ఈ పిచ్చి సంగతి తెలుసు కాబట్టే ఆ రోజు చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. ఆత్మకూరులో పెద్ద రైతు కుటుంబానికి కోడలిగా వెళ్ళింది. పొలాలు, పంచాయితీలు, ఎప్పుడు చూసినా వసారా నిండా మనుషులు. వంటిల్లు మాత్రం ఆమె తోడికోడలిది. ఆవిణ్ణి మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం. చిన్నమ్మ పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి. తినడం, వడ్డించడం చిన్నప్పుడే దెబ్బలు తిని కుడిచేతికి మార్చుకుంది. కలపడం మాత్రం రాలేదు, కుడిచేతిలో ఆ బలం లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఓసారి ఎడమచేత్తో పప్పు తిప్పుతుంటే చూసిన వాళ్ళ అత్తగారు ఆ చేతిని పాత పంచెముక్కతో నడుముకి కట్టేసిందట. ఈ సంగతి చిన్నమ్మ నవ్వుతూ చెప్పేది. నాకెప్పుడూ నవ్వు రాలేదు. అప్పటి నుంచి ఆమెది పెరట్లో పని. బియ్యం చెరగడం, చింతపండు ఒలవడం, రుబ్బడం. ఎవరూ లేని వేళ పొయ్యి దగ్గరికి చేరి ఎడమచేత్తో ఏదైనా కలిపినా, అడుగుల చప్పుడు వినబడితే చాలు, గరిటె కుడిచేతిలోకి మారిపోయేది. ఏళ్ళ తరబడి అలా మార్చీ మార్చీ అది ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

"పాపా, నీకు కొట్లు తిరిగే పిచ్చి ఉండాది గదా. రేపు నాతో ఉదయగిరికి రా. ఎవురికీ చెప్పబాక" అంది ఫోన్‌లో. అంతకు వారం ముందు పక్కింటి వాళ్ళతో అనుమసముద్రంపేట దర్గాకి పోయిందట. అక్కడొక చిన్న కొట్లో చెక్క గరిటెలు చూసింది. ఇవి ఉదయగిరి వాళ్ళు చేస్తారు, అక్కడికే పోతే అడిగినట్టు చేసిస్తారని ఆ కొట్టతను చెప్పాడట. గరిటె కోసం అంత దూరమా అని నేను అడగలేదు. అలాంటి ప్రశ్నలు నన్నెవరైనా అడిగితే నాకే గిట్టదు.

ఆత్మకూరు బస్టాండులో ఎక్కి, ఎండ ముదరక ముందే ఉదయగిరిలో దిగాం. ఎదురుగా అంత పెద్ద కొండ, పైన కోట గోడలు. చిన్నమ్మ తలెత్తి కూడా చూడలేదు, తిన్నగా బజారుకి నడిచింది. అక్కడ చెక్క సామాను కొట్టు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు, కాగితాలు కోసుకునే చిన్న కత్తులు, కాడ చివర చేపలూ చిలకలూ చెక్కిన గరిటెలు. అన్నీ లేత పసుపు రంగులో, ముట్టుకుంటే నున్నగా. చిన్నమ్మ వాటి అందం జోలికి పోకుండా తెడ్లు ఒక్కొక్కటీ తీసి, పట్టుకుని, పక్కన పెట్టేస్తోంది. అడిగితే "చేతికి రాలా" అంటుంది. కొట్టతను కాసేపు ఓపిక పట్టి, "ఇన్ని ఉండాయి గదమ్మా, ఇంకెట్టాంటిది కావాల?" అని, చివరికి విసుక్కుని, "చేసేవాళ్ళ ఇంటికే పోయి చెప్పుకోండి" అని వెనక సందు చూపించాడు.

ఆ ఇంటి వసారాలో ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ చెక్కపొట్టు పోసుకుని పని చేస్తున్నారు. ఒకామె రంపంతో కోస్తోంది, ఇంకొకామె ఆకురాయితో అంచులు రాస్తోంది. మూడో ఆమె చెక్క చెక్కే బాడిసె పట్టుకుని ఉంది, ఇంటి యజమానురాలు. నలభై దాటి ఉంటాయి, గట్టి గొంతు. మంచం మీద ఆమె అత్తగారు జపమాలలాంటి తసబీ తిప్పుతూ మమ్మల్నే చూస్తోంది. తెడ్డు ఎలా ఉంటుందో యజమానురాలు ఒకటి తీసి చూపించింది. ముందు వైపు కొంచెం గుంట, వెనక ఉబ్బు, కొన అంచు ఒక పక్కకి ఏటవాలు. గిన్నె అడుగుని అంచు పూర్తిగా తాకాలి, అందుకని ఆ వాలు మనిషి చేతిని బట్టి పెడతారట. "ఎట్ట కలుపుతావో ఒకసారి చూపీమ్మా" అని చిన్నమ్మకి ఒక కర్రా ఒక ఖాళీ సత్తు గిన్నే ఇచ్చింది. నేనప్పుడు ఓ మూల దువ్వెనల కుప్ప ముందు చేరి ఉన్నాను.

మేం హోటల్లో భోజనం చేసి తిరిగొచ్చేసరికి తెడ్డు తయారు. ఉప్పుకాగితంతో రుద్ది, నూనె గుడ్డతో తుడిచి ఇచ్చింది. చిన్నమ్మ దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. తర్వాత ఎడమచేతిలోకి మార్చుకుని గిన్నె మీద ఆనించి చూసింది. కొన మాత్రమే తగులుతోంది, అంచంతా గాలిలో ఉంది. ఆమె ముఖం వాడిపోయింది. "బాగుండాదమ్మా" అని కొంగు ముడి విప్పబోయింది.

"ఏం బాగుండాది? నీ మొగం చూస్తే తెలస్తా ఉండాదే!" అంది బాడిసె పట్టుకున్నామె. "నువ్వు చూపిచ్చినట్టే గదమ్మా నేను చేసినాను."

నాకు అప్పుడు తట్టింది. "చిన్నమ్మా, ఏ చేత్తో చూపిచ్చినావు?" అన్నాను.

ఆమె చూపు తన కుడిచేతి మీదికి పోయింది. చూస్తున్నవాళ్ళు ఉన్నారు కదా, మంచం మీద ఓ అత్తగారు కూడా ఉంది. తన చేతికి తగిన తెడ్డు కోసం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చిన మనిషి, తీరా కర్ర చేతికివ్వగానే కుడిచేత్తో కలిపి చూపించింది. కావాలని చేసింది కాదు, చెయ్యి దానంతట అదే మారిపోయింది. ఆ క్షణంలో నాకు ఆ పంచెముక్క గుర్తొచ్చింది. పోయినవాళ్ళని అనకూడదంటారు గానీ, వాళ్ళ అత్తగారిని మనసులో నాకు చేతనైనంత తిట్టుకున్నాను.

సంగతి అర్థమై ఆ ఇంటామె బాడిసె కింద పెట్టింది. "అది చెప్పేదానికేంది? కాలుకి చెప్పులు కొనుక్కోబోయి ఇంకోరి కాలు కొలతిచ్చినట్టుండాది నీ యవ్వారం! ఆ చెయ్యి ఎవురిదమ్మా, దొంగతనం చేసి తెచ్చుకున్నావా? నాకాడ గూడా దాపెట్టుకుంటే నేనెట్ట చేసేది?" అని గట్టిగానే కేకలేసి, కర్ర మళ్ళీ చేతిలో పెట్టింది. చిన్నమ్మ నా వైపు చూసింది, మంచం వైపు చూసింది. కర్ర ఎడమచేతిలోకి తీసుకుని ఆ ఖాళీ గిన్నెలో తిప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా. తర్వాత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం, గిన్నె బండల మీద గిరగిరా తిరిగి వాకిలి దాకా పోయింది. మంచం మీది ముసలామె తసబీ ఆపి, "నిదానమమ్మా, నిదానం! గిన్నె ఉండనీ మాకు" అని బోసినోటితో నవ్వింది. వసారా అంతా నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు, చెమట తుడుచుకుని, "ఇట్ట కలుపుతా నేను" అంది.

రెండో తెడ్డు అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. మొదటిది తీసేసుకుంటామని వాళ్ళు చెప్పినా వినక రెండూ కొనుక్కుంది. "అది మా యక్కకు" అంది, తోడికోడల్ని ఆమె అలాగే పిలిచేది. తిరుగు బస్సులో అసలు సంగతి బయటపెట్టింది. కొడుకు కూతురికి సీమంతం, సారెకి అరిసెలు చెయ్యాలి. ఆ ఇంట్లో సారె పాకం ఎప్పుడూ పెద్దమ్మే తిప్పుతుంది. "నా మనవరాలి పాకం నేను తిప్పుతా పాపా. పెరట్లో కూసోని బియ్యం చెరిగింది చాలు" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఏ చెయ్యో చెప్పక్కర్లేదు.

అరిసెల రోజు నేనూ వెళ్ళాను, చూడకుండా ఎలా ఉంటాను? వంటిల్లంతా ఆడవాళ్ళు, బెల్లం వాసన, ఏలకుల వాసన. చిన్నమ్మ కుడిచేతి తెడ్డు తీసి, "ఉదయగిరిలో చేయించినా అక్కా, నీకు" అని పెద్దమ్మకిచ్చింది. పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి చూసుకుని ముచ్చటపడింది. పాకం దించారు. ఇక పిండి పోస్తూ ఆపకుండా తిప్పాలి, చెయ్యి ఆగిందంటే ఉండలు కడుతుంది. పెద్దమ్మ కొంగు దోపుకునేలోపు చిన్నమ్మ పీట వేసుకుని కూర్చుని, రెండో తెడ్డు ఎడమచేత్తో పాకంలో పెట్టింది.

అరిసెలు వత్తడానికి కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఏమే, సారె పాకం అది. చెయ్యి మార్చు" అంది పెద్దమ్మ.

"మార్చేదానికి కుదరదక్కా. ఇది కుడిచేతికి చేసింది కాదు."

"అయితే ఇందా, దీంతో తిప్పు" అని పెద్దమ్మ తన చేతిలో తెడ్డు చాపింది.

చిన్నమ్మ తలెత్తి చూసింది. తోడికోడలి ముఖంలోకి ఆమె అంత నిలకడగా చూడడం నాకు తెలిసి అదే మొదటిసారి. "అది నీది, నీ చేతికి చేసింది. ఇది నాది" అంది. పిండి పళ్ళెం పట్టుకున్న చిన్నమ్మ కోడలు ఎవరి మాట వినాలో తెలియక పెద్దమ్మ వైపు చూస్తోంది. పాకం గట్టిపడుతోంది. నేను ఆ కోడలి చేతిలోంచి పళ్ళెం లాక్కుని పిండి పోశాను. చిన్నమ్మ తిప్పింది. భుజం దగ్గర నుంచి వేలి కొసదాకా ఆ చెయ్యి ఒక్కటిగా కదులుతుంటే పిండి ఎక్కడా ఉండకట్టలేదు. పెద్దమ్మ తెడ్డు గూట్లో పడేసి బయటికి నడిచింది. ఆ అరిసెలు ఆమె ముట్టుకోలేదు. తర్వాత కూడా ఆ మాట మీద మెత్తబడలేదు, చిన్నమ్మ కూడా బతిమాలలేదు. సీమంతానికి వచ్చినవాళ్ళు మాత్రం ఏ చెయ్యి కలిపిందని అడక్కుండా రెండేసి తిన్నారు, ఇంటికీ పట్టుకెళ్ళారు.

ఆ తర్వాత చిన్నమ్మ పొయ్యి ముందు నిలబడి ఎడమచేత్తోనే వండింది, అడుగుల చప్పుడు వినిపించినా సరే. బతికిన నాలుగేళ్ళూ అలాగే. ఆ నాలుగేళ్ళే తనకి చాలన్నట్టు తృప్తిగా వెళ్ళిపోయింది. నాకు చాలవు. అంతకు ముందు పెరట్లో గడిచిపోయిన ఏళ్ళన్నీ ఆమెకి దక్కాల్సినవే, వాటిని ఆమె దగ్గర లాక్కున్నవాళ్ళని నేను క్షమించను.